కారు ఏసీ గ్యాస్ ఏటా అయిపోతోందా? లీకును ఇంటి దగ్గరే పట్టుకోవడం ఎలా

మీ ప్రశ్న సారాంశం ఇది. కారు భీమవరం దగ్గర పల్లెలో ఉంటుంది, ఏడేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నిరుడు ఏప్రిల్‌లో ఏసీ గ్యాస్ కొట్టించారు. ఈ ఏడు శివరాత్రి దాటిందో లేదో మళ్లీ వెచ్చటి గాలి వస్తోంది. మెకానిక్ ఏమో "ఏటా ఓసారి కొట్టించుకోవాలండి, మామూలే" అంటున్నాడు. లీకును మీరే వెతుక్కోవచ్చా, దొరికితే మీరే బాగుచేసుకోవచ్చా అని అడిగారు.

వెతకడం పూర్తిగా మీ చేతిలో పనే. బాగుచేయడంలో కొంత మీరు చేసుకోవచ్చు. గ్యాస్ తీయడం, తిరిగి ఎక్కించడం మాత్రం మెషీన్ ఉన్న షాపుకి వదిలేయండి. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఆ "మామూలే" సంగతి. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తోసే పంపు), కండెన్సర్ (వేడిని బయటికి వదిలే ముందు జాలి), ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్‌ను సన్నటి సందులోంచి వదిలేది), కూలింగ్ కాయిల్ (డ్యాష్‌బోర్డు లోపల గాలిని చల్లబరిచేది) మధ్య అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏటా కొద్ది గ్రాములు ఇంకిపోవడం నిజమే కానీ, దానివల్ల ఏసీ పడిపోవాలంటే ఏళ్లు పడుతుంది. మీ సైజు కారులో మొత్తం పట్టేదే 350 నుంచి 450 గ్రాములు. పది నెలల్లో చల్లదనం పోయిందంటే సుమారు 150 గ్రాములు బయటికి పోయి ఉండాలి. అంటే నెలకు 15 గ్రాములు, రోజుకు అర గ్రాము. ఈ అర గ్రాము లెక్క గుర్తుంచుకోండి, సబ్బునీళ్ల దగ్గర దీనితో పనుంది.

గేజ్ (ఒత్తిడి కొలిచే మీటరు) తగిలించే ముందు, అసలు ఇది లీకేనా అన్నది చూడండి. రోడ్డు మీద పోతుంటే చల్లగా ఉండి, రైల్వే గేటు దగ్గర ఆగితే వెచ్చబడుతోందంటే మొదట అనుమానించాల్సింది గ్యాస్‌ను కాదు, కండెన్సర్ ఫ్యాన్‌ను. ఏసీ వేసిన కొద్దిసేపట్లో ఫ్యాన్ తిరగాలి. గాలి చల్లగానే ఉండి తక్కువగా వస్తోంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, నూర్పుల కాలంలో ఊకదుమ్ముతో అది గోనెపట్టాలా తయారవుతుంది. గడ్డిమేటు పక్కనో ధాన్యం బస్తాల పక్కనో నిలిపే కార్లలో ఎలుకలు ప్రెషర్ స్విచ్ వైరో, కంప్రెసర్ క్లచ్ (ఇంజిన్ బెల్టుతో కంప్రెసర్‌ను కలిపి, విడదీసేది) వైరో కొరికేస్తాయి. అప్పుడు గ్యాస్ నిండుగా ఉన్నా ఏసీ రాదు. ఇంకొకటి, కారు కింద కారే నీళ్లు లీకు కాదు. మన గాలిలో ఉన్న చెమ్మకు కూలింగ్ కాయిల్ మీద పట్టే నీరు ధారగా కారడం మంచి లక్షణం. కారకపోతేనే ఆలోచించాలి.

గ్యాస్ తగ్గిందనడానికి గుర్తులు వేరే ఉంటాయి. కంప్రెసర్ క్లచ్ కొద్ది సెకన్లకోసారి టక్కున పడి టక్కున విడిపోతుంటుంది. ఒకపక్క వెంట్‌లో చల్లగా, ఇంకోపక్క వెంట్‌లో వెచ్చగా వస్తుంది. ఏసీ నడుస్తున్నప్పుడు లావు పైపు పట్టుకుంటే కూల్‌డ్రింక్ సీసాలా చల్లగా, చెమటపట్టి ఉండాలి. అలా లేకపోతే గ్యాస్ తక్కువే అనుకోవచ్చు.

ఇప్పుడు గేజ్. కార్లకు వాడే రెండు గేజ్‌ల మ్యానిఫోల్డ్ సెట్, ఆర్-134ఏ (కార్ల ఏసీ గ్యాస్ రకం) కప్లర్లతో, అంటే పైపుకి తగిలించే మూతులతో ఉన్నది కావాలి. మొదట బోనెట్ కింద స్టిక్కర్ చదవండి. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో దాని మీదే ఉంటుంది. ఆర్-1234వైఎఫ్ అని ఉంటే ఈ గేజ్‌లు సరిపడవు, ఆ గ్యాస్‌కు మంటంటుకునే గుణం కూడా కొంత ఉంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లయితే అసలు ముట్టుకోకండి. వాటి కంప్రెసర్ హై వోల్టేజీ మీద నడుస్తుంది, ఆయిల్ కూడా వేరు.

పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, రెండు కప్లర్లూ తగిలించండి. నీలం కప్లర్ లావు పైపు మీదుండే లో సైడ్‌కి (తక్కువ ఒత్తిడి వైపు), ఎరుపుది సన్న పైపు మీదుండే హై సైడ్‌కి (ఎక్కువ ఒత్తిడి వైపు). రెండు సైజులూ వేరు కాబట్టి తారుమారుగా పట్టవు. కళ్లద్దాలు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఈ గ్యాస్ బయటి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, చిమ్మి కంట్లో పడితే కన్ను గడ్డకడుతుంది.

ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు రెండు గేజ్‌లూ ఒకటే అంకె చూపాలి. ఆ అంకె కారు చుట్టూ ఉన్న వేడిని బట్టి ఉంటుంది: 25 డిగ్రీలకు 82 పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే ఒత్తిడి కొలతే), 28కి 91, 30కి 97, 35కి 114. ఇక్కడే చాలామంది పొరబడతారు. తెల్లవారి 28 డిగ్రీల్లో 90 చూపిస్తే గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు. లోపల కాస్తయినా ద్రవరూపంలో మిగిలి ఉందని మాత్రమే అర్థం. 150 గ్రాములున్నా, 400 గ్రాములున్నా అంకె అదే. వంటగ్యాస్ సిలిండర్‌లో సగం ఖాళీ అయినా మంట తగ్గదు కదా, అలాగే. అదే 28 డిగ్రీల్లో 50 చూపిస్తే ద్రవం మొత్తం పోయింది, మిగిలింది ఆవిరే, వంద గ్రాములకు లోపే. ఒకవేళ 110 దాటి చూపిస్తే లోపల గాలి చేరింది, లేదా ఎవరో వేరే గ్యాస్ కలిపారు. అలాంటప్పుడు ఆ సరుకు మొత్తం తీయించేయాల్సిందే. దాని మీద ఇంకో వంద గ్రాములు కొట్టించడం డబ్బు దండగ.

ఇంజిన్ స్టార్ట్ చేసి, 1,500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, బ్లోయర్ ఫుల్‌గా పెట్టి, తలుపులు తెరిచి చూస్తే, బయట 35 డిగ్రీలున్నప్పుడు లో సైడ్ 30 నుంచి 45, హై సైడ్ 200 నుంచి 260 మధ్య ఉండాలి. రెండూ బాగా పడిపోయి ఉంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్‌కు గాలి ఆడటం లేదు. లో సైడ్ ఎక్కువగా, హై సైడ్ తక్కువగా ఉంటే కంప్రెసర్ బలం తగ్గింది, లీకు వెతికి లాభం లేదు.

లీకేనని తేలింది అనుకుందాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

కంటితో. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ కారే చోట ఆయిల్ కూడా కొద్దిగా వస్తుంది. ఆయిల్‌కి దుమ్ము పట్టి నల్లటి జిడ్డు మచ్చ ఏర్పడుతుంది. తెల్లగుడ్డతో ప్రతి జాయింటూ తుడుస్తూ వెళ్లండి. బోనెట్ కింద అంతా దుమ్ముగా ఉండి ఒక్క జాయింటు దగ్గరే తడిగా మెరుస్తోంటే, సగం పని అయిపోయినట్టే.

మన డెల్టాలో మొదటి ముద్దాయి కండెన్సర్. రేడియేటర్ ముందు ఉండి రాళ్ల దెబ్బలన్నీ తినేది అదే. దానికి తోడు ఇక్కడ ఉప్పు. నర్సాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు సముద్రపు గాలి ఉంది. ఆకివీడు, భీమవరం రోడ్ల మీద చేపల, రొయ్యల బళ్ల నుంచి కారే నీళ్లు ముందు పోయే బళ్ల చక్రాల నుంచి చిమ్మి నేరుగా కండెన్సర్ కింది అంచు మీద పడతాయి. అక్కడ బురదతో కలిసి నెలల తరబడి చెమ్మగా ఉండిపోతాయి. సన్నటి అల్యూమినియం గొట్టం బయటి నుంచి తినేసుకుపోతుంది. అందుకని కింది రెండు మూలలూ, పైపు వచ్చి చేరే చోటూ టార్చి వేసి ప్రత్యేకంగా చూడండి. బంపర్ కింది ప్లాస్టిక్ కవర్ విప్పితేగానీ ఇది సరిగా కనపడదు. తెల్లటి పొడిలా రాలుతోంటే అది అల్యూమినియం తుప్పే.

ఇదే సందర్భంలో ఒక మాట. కండెన్సర్ కడగడం మంచిదే, కానీ మన పశ్చిమ డెల్టా పల్లపు ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పే. ఆ నీళ్లతో కడిగితే రోగాన్ని మనమే అంటించినట్టు. ఫిల్టర్ అయిన మంచినీళ్లతో, తక్కువ ప్రెషర్‌తో, లోపలి వైపు నుంచి బయటికి పోయండి. సర్వీసింగ్ షెడ్‌లో వాడే హై ప్రెషర్ గన్ దగ్గర పెడితే రెక్కలు వంగి మూసుకుపోతాయి.

రెండోది, ఎవరూ చూడనిది: అల్యూమినియం పైపును బాడీకి పట్టి ఉంచే క్లిప్పులు. క్లిప్పు లోపల రబ్బరో స్పాంజో ఉంటుంది, అది ఉప్పునీటిని పీల్చి పట్టుకుంటుంది. పైకి పైపు నిగనిగలాడుతుంది, క్లిప్పు కింద మాత్రం సూది మొనంత చిల్లు పడి ఉంటుంది. క్లిప్పులు విప్పి చూడకుండా పైపు బాగుందని తేల్చకండి.

మూడోది గ్యాస్ ఎక్కించే వాల్వులు. వీటిలో కారు టైరు వాల్వు లాంటి పిన్ ఉంటుంది. గ్యాస్ కొట్టించిన ప్రతిసారీ దాన్ని నొక్కుతారు, ఇసుక రేణువు పడినా సరిగా మూసుకోదు. పై మూత కేవలం దుమ్ము పడకుండా పెట్టింది అనుకుంటారు. దాని లోపల చిన్న ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) ఉంది, గ్యాస్‌ను ఆపే చివరి తలుపు అదే. షాపు నుంచి మూత లేకుండా తిరిగొచ్చే కార్లు చాలా. మీ కారులో రెండు మూతలూ ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి.

ఇక సబ్బునీళ్లు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు, కాస్త గ్లిజరిన్ చుక్క వేస్తే నురగ త్వరగా ఆరదు. ఇంజిన్ ఆపి, బ్రష్‌తో జాయింట్ల చుట్టూ పూయండి. ఇప్పుడు ఆ అర గ్రాము లెక్క. అర గ్రాము గ్యాస్ ఆవిరైతే సుమారు 120 మిల్లీలీటర్లు. అది రోజంతా కలిపి. అంటే గంటకు ఐదు మిల్లీలీటర్లు. శనగగింజంత బుడగ ఒకటి లేవడానికే నాలుగైదు నిమిషాలు పడుతుంది. పూసి, పది సెకన్లు చూసి "బుడగలు రాలేదు, లీకు లేదు" అనేవాళ్లు ఇక్కడే తప్పిపోతారు. ఒక్కో జాయింటు దగ్గర పదిహేను నిమిషాలు కూర్చోవాలి. పెద్ద బుడగ కోసం చూడకండి, తెల్లటి సన్న నురగ మెల్లగా పేరుకుంటోందా అని చూడండి. మధ్యాహ్నం, బోనెట్ కింద వేడిగా ఉన్నప్పుడు చేస్తే లోపలి ఒత్తిడి ఎక్కువుంటుంది, లీకు తొందరగా బయటపడుతుంది. వారంలో గ్యాస్ మొత్తం పోయే పెద్ద లీకయితే ఇంత ఓపిక అక్కర్లేదు, పూసీ పూయగానే పొంగుతుంది.

సబ్బుకు దొరకకపోతే యూవీ డై, అంటే ఊదా లైటు పడితే మెరిసే రంగు. లో సైడ్ నుంచి 5-7 మిల్లీలీటర్లు ఎక్కించి, వారం రోజులు ఏసీ వేసుకుని తిరగండి. చీకటి పడ్డాక యూవీ టార్చి, పసుపు కళ్లద్దాలతో చూస్తే కారిన చోట పసుపుపచ్చగా మెరుస్తుంది. నోట్లు చూసే చిన్న ఊదా లైటయినా చిమ్మచీకట్లో పనిచేస్తుంది. రేడియేటర్ కూలెంట్ కూడా ఈ లైటుకి పచ్చగా మెరవచ్చు, దాన్ని చూసి కంగారు పడకండి. కంప్రెసర్ ముందు, పుల్లీ వెనక, గుండ్రంగా చిమ్మినట్టు ఆయిల్ మచ్చ కనిపిస్తే షాఫ్ట్ సీల్ (కంప్రెసర్ ఇరుసు చుట్టూ గ్యాస్‌ను ఆపే సీలు) పోయిందని.

బయట ఎక్కడా లేకపోతే మిగిలింది డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్. అది కంటికి కనపడదు. డై వేసి ఉంటే నీళ్లు కారే గొట్టం చివర యూవీ లైటు వేయండి, అక్కడ మెరిస్తే తేలిపోయింది. ఎలక్ట్రానిక్ డిటెక్టర్ దొరికితే ఇంకా మంచిది. ఇంజిన్ ఆపి, అద్దాలు మూసి, బ్లోయర్ ఆపి పదిహేను నిమిషాలు ఉంచాక, అదే గొట్టం చివర డిటెక్టర్ ముక్కు పెట్టండి. గ్యాస్ గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. బయట జాయింట్లు చూసేటప్పుడూ పైపు పైన కాకుండా అడుగున తిప్పండి. కారులో పర్‌ఫ్యూమ్ ఉంటే, డ్యాష్‌బోర్డు మీద దేవుడికి అగరుబత్తి వెలిగించి ఉంటే డిటెక్టర్ ఊరికే అరుస్తుంది. దేవుడేమీ అనుకోడు, ఆ పూటకి ఆపండి.

దొరికాక ఏం చేయాలి అన్నది చోటుని బట్టి.

ఓ-రింగ్, వాల్వు పిన్ మీరే మార్చుకోగలిగినవి. ముందు షాపులో రికవరీ మెషీన్‌తో మిగిలిన గ్యాస్ తీయించండి. నట్టు వదులు చేసి గాల్లోకి వదిలేయడం ఊళ్లో మామూలుగా చేసే పనే. కానీ ఒక కిలో ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, పైగా గ్యాస్‌తో పాటు ఎంత ఆయిల్ పోయిందో లెక్క తెలియదు. తీయించాక క్లచ్ కనెక్టర్ పీకేసి ఇంటికి తెచ్చుకోవచ్చు. క్లచ్ లేని కంప్రెసర్ ఉన్న కారయితే అలా నడపకండి, విప్పే పని కూడా షాపులోనే కానివ్వండి.

ఓ-రింగ్ హెచ్ఎన్‌బీఆర్ రకం రబ్బరుది కావాలి, ఎక్కువగా ఆకుపచ్చ రంగులో వస్తుంది. కుళాయి వాషర్లు, గ్యాస్ స్టవ్ రింగులు ఈ ఆయిల్‌కు ఉబ్బి పాడైపోతాయి. పాతది నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి దాన్ని కాక, గాడి కొలత చూసి సైజు తీసుకోండి. గాడిని నూలుపోగు లేని గుడ్డతో తుడిచి, రింగుకి కంప్రెసర్ ఆయిల్ పూసి, మెలిక పడకుండా కూర్చోబెట్టండి. 10 నంబరు పానాతో తిప్పే ఎం6 బోల్టు అయితే బిగింపు 10 న్యూటన్ మీటర్లు చాలు, మణికట్టు బలం అన్నమాట. ఇంకా లీకవుతుందేమోనని భుజబలం చూపిస్తే అల్యూమినియం మర ఊడి వస్తుంది. వాల్వు పిన్ ఏసీది ఏసీకే. చూడటానికి టైరు పిన్‌లా ఉన్నా, లోపలి రబ్బరు వేరు.

కండెన్సర్ చిల్లు పడితే మార్చడమే. ఎపాక్సీ పెట్టి ఎండలో ఆరబెట్టేవాళ్లున్నారు. హై సైడ్‌లో 250 పీఎస్ఐ, పక్కన రేడియేటర్ వేడి, ఆ అతుకు నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. కొత్త కండెన్సర్ వేసినప్పుడు 30-40 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి, కూలింగ్ కాయిల్‌కయితే 40-50. పీఏజీ ఆయిల్‌లో (కంప్రెసర్ ఆయిల్ రకం) ఏ నంబరో కంప్రెసర్ మీద చూడండి. ఈ ఆయిల్ గాల్లో చెమ్మను ఉప్పులా లాగేసుకుంటుంది. వానాకాలంలో మూత తీసిన డబ్బాను వచ్చే వారానికి దాచుకోవద్దు. పైపులు విప్పగానే రెండు చివర్లూ ప్లాస్టిక్ మూతలతో గట్టిగా మూయండి. రోజంతా తెరిచి ఉంటే డ్రయర్ (లోపలి చెమ్మను పీల్చే భాగం) కూడా మార్చాలి. చాలా కార్లలో అది కండెన్సర్ పక్క గొట్టంలోనే సంచిలా ఉంటుంది.

లీక్ స్టాప్ అని అమ్మే ద్రవాలు పోయకండి. వాటిలో చాలావరకు చెమ్మ తగిలితే గట్టిపడే మందే. మన వాతావరణంలో అది లీకు దగ్గరే గట్టిపడుతుందన్న నమ్మకం లేదు, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనూ గట్టిపడగలదు. ఇది పోసిన కారుని మెషీన్ ఉన్న షాపువాళ్లు ముట్టుకోవడానికి కూడా వెనకాడతారు.

గ్యాస్ ఎక్కించే ముందు నైట్రోజన్ పరీక్ష అడగండి. 150 పీఎస్ఐ నింపి అరగంట వదిలేస్తే ముల్లు కదలకూడదు. మళ్లీ ఒకసారి సబ్బునీళ్లు. టైర్ల కంప్రెసర్ గాలితో చేస్తామంటే ఒప్పుకోకండి, ఆ గాలి నిండా చెమ్మే. ఆక్సిజన్ సిలిండర్ అయితే ఆయిల్‌తో కలిసి పేలుతుంది. వాక్యూమ్ (పంపుతో లోపలి గాలంతా లాగేయడం) నిలిచింది కాబట్టి లీకు లేదు అనే మాట కూడా పూర్తిగా నమ్మొద్దు. వాక్యూమ్‌లో బయటి గాలి లోపలికి నెట్టే బలం 15 పీఎస్ఐ కన్నా తక్కువ. 250 పీఎస్ఐకి తెరుచుకునే సందు ఆ కొద్ది బలానికి మూసుకునే ఉండొచ్చు.

ఆ తర్వాత వాక్యూమ్ కనీసం 45 నిమిషాలు. దీని అసలు పని చెమ్మను మరిగించి లాగేయడం. 30 డిగ్రీల వేడిలో నీరు మరగాలంటే వాక్యూమ్ గేజ్ 29 అంగుళాలకు (పాదరసం కొలతలో) చేరాలి. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను పంపుగా మార్చుకున్నవాళ్లు 26, 27 దగ్గర ఆగిపోతే లోపలి నీరు లోపలే ఉంటుంది. ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు పెడితే పని త్వరగా అవుతుంది. ఆపాక ఇరవై నిమిషాలు ముల్లు నిలవాలి.

గ్యాస్ గ్రాముల్లో తూచి ఎక్కించాలి, గేజ్ చూసి అంచనాగా కాదు. 400 గ్రాముల కారులో 60 గ్రాములు ఎక్కువైనా హై సైడ్ పెరిగి చల్లదనం తగ్గుతుంది. మీరే చిన్న క్యాన్‌తో ఎక్కించాలని పట్టుబడితే, లో సైడ్ నుంచే, క్యాన్ నిలువుగా పట్టుకుని, వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చేయండి. ఇంజిన్ నడుస్తుండగా హై సైడ్ వాల్వు తెరిస్తే ఆ ఒత్తిడి క్యాన్‌లోకి ఎదురొచ్చి పగలగొడుతుంది. షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి, దగ్గర్లో బీడీ, మంట ఉండకూడదు. ఈ గ్యాస్ నిప్పుకి తగిలితే విషవాయువు పుడుతుంది.

తక్కువ ధరకు వచ్చే, పేరూ ఊరూ లేని క్యాన్లు కొనకండి. 2011లో కొన్ని రీఫర్ (ఓడల్లో పంపే శీతల) కంటైనర్లు, మన రొయ్యలు ఎగుమతయ్యే రకానివే, పేలి పనివాళ్లు చనిపోయారు. ఆర్-134ఏ పేరుతో ఎక్కించిన కల్తీ గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ ఉంది, అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే భగ్గుమనే పదార్థంగా మారింది. మీ కారు కండెన్సరూ అల్యూమినియమే. ఎల్పీజీ కొడితే చల్లగానే వస్తుంది అనేవాళ్ల దగ్గర బండి ఆపకండి.

పని అయ్యాక ఎక్కించిన గ్రాములు, తేదీ, మార్చిన పార్టు, ఆ రోజు వేడి, ఇంజిన్ నడుస్తుండగా రెండు గేజ్‌ల అంకెలు ఒక చీటీ మీద రాసి బోనెట్ కింద అతికించండి. నెల తర్వాత, ఇంజిన్ మొదలుపెట్టకముందు కాదు, నడుస్తుండగా, గ్యాస్ ఎక్కించిన రోజున్నంత వేడిలోనే, లో సైడ్ హై సైడ్ అంకెలు మళ్లీ చూడండి. అంకెలు జారుతుంటే మొదట ముట్టుకోవాల్సింది మీరు విప్పిన జాయింటునే.